డిసెంబరులో 50 బాతు పిల్లలకు బ్రూడర్: 10 అడుగుల గదిలో ఏది ఎక్కడ, ఎంత, ఎందుకు

మీరు రాసినదాన్ని క్లుప్తంగా చెప్పుకుందాం. గుంటూరు, తెనాలి మధ్య ఊరు. 10 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు గది, కింద సిమెంటు నేల, పైన రేకులు. డిసెంబరు మొదటి వారంలో 50 ఖాకీ క్యాంప్‌బెల్ (గుడ్ల కోసం పెంచే బాతు జాతి) పిల్లలు వస్తున్నాయి. నాటుకోడి పిల్లలకు వాడిన బ్రూడర్ (తల్లి లేని పిల్లలకు వెచ్చదనం ఇచ్చే ఏర్పాటు) సామాను ఉంది, అదే సరిపోతుందా అన్నది మొదటి ప్రశ్న. పోయినసారి తెచ్చిన 30లో 17 పది రోజుల్లోనే పోయాయి, బల్బులు రాత్రంతా వెలుగుతూనే ఉన్నాయి, మరి ఎందుకు పోయాయి అన్నది రెండోది. పొద్దున్నే చూస్తే గోడ వారన తడిసి ముద్దలా పడి ఉన్నాయని కూడా రాశారు.

జవాబు ఆ ‘తడిసి’ అన్న మాటలోనే ఉందండి. కోడిపిల్లల బ్రూడర్లో వేడి సరిగ్గా ఉంటే ముప్పాతిక పని అయిపోయినట్టే. బాతు పిల్లలకు వేడి ఇవ్వడం అంతకంటే తేలిక, పైగా కొద్ది రోజులే కావాలి. వాటితో కష్టమంతా నీళ్ళ దగ్గర. బాతు పిల్ల ముక్కు నీళ్ళలో ముంచుతుంది, విదిలిస్తుంది, నోట్లో దాణాతో వచ్చి తొట్టెలో కడుగుతుంది, సందు దొరికితే తొట్టెలోకే దిగుతుంది. తల్లి కింద ఉన్న పిల్ల తడిస్తే తల్లి రెక్కల కింద దూరి ఆరిపోతుంది. మన బ్రూడర్లో ఆరబెట్టే తల్లి లేదు. పొట్ట కింద నూగు తడిసిన పిల్ల తడి ఊక మీద పడుకుంటే, పైన బల్బు వెలుగుతున్నా కింద నుంచి ఒంట్లో వేడంతా పోతుంది. దాన్ని చూసి మిగతావి వెచ్చదనం కోసం దాని మీదికి ఎక్కుతాయి, అవీ తడుస్తాయి. 17 పోవడానికి ఒకటి రెండు రాత్రులు చాలు. అందుకని మీ సామాన్లో వేడికి సంబంధించినవి ఉంచుకోండి, నీళ్ళకు సంబంధించినవి మాత్రం మార్చాల్సిందే.

ముందు గది. సున్నం కొట్టి, నేల బ్లీచింగ్ నీళ్ళతో కడిగి, కనీసం రెండు రోజులు తలుపులు తీసి ఆరనివ్వండి. వాసన, తడి రెండూ పూర్తిగా పోవాలి. గోడకీ నేలకీ మధ్య, తలుపు కింద, రేకుల చివర ఉన్న సందులు వెతకండి. బొటనవేలు దూరే సందు ఎలుకకు చాలు, పందికొక్కయితే మట్టి గోడ తవ్వి మరీ వస్తుంది. ముంగిస, పిల్లి, పాము సంగతి సరేసరి. కిటికీలకు అర అంగుళం కన్ను ఉన్న వెల్డ్ మెష్ కొట్టండి. కోళ్ళ దొడ్లకు కట్టే పలచటి షట్కోణపు వలను ముంగిస పళ్ళతో చింపేస్తుంది. ఎర్ర చీమల పుట్టలు ఉంటే పిల్లలు రాక వారం ముందే చూసుకోవాలి. పిల్లలు వచ్చాక చీమల పొడి చల్లడం ప్రమాదం, బాతు పిల్ల నేల మీద కనబడినదల్లా ముక్కుతో జల్లెడ పడుతుంది.

పిల్లల చుట్టూ దడిలా కట్టే గార్డు విషయంలో మీ గది కొలత బాగా కలిసొచ్చింది. మొదటి వారం పిల్లకు అర చదరపు అడుగు చొప్పున 25 చదరపు అడుగులు కావాలి. 6 అడుగుల అడ్డకొలత ఉన్న గుండ్రం కడితే 28 వస్తుంది. రెండో వారం పిల్లకు ఒక చదరపు అడుగు, 8 అడుగుల గుండ్రంలో 50 వస్తుంది. మూడో వారం గార్డు తీసేస్తే గది మొత్తం 100, అంటే పిల్లకు రెండు చదరపు అడుగులు. 8 అడుగుల గుండ్రానికి చుట్టుకొలత 25 అడుగులు. కాబట్టి అడుగున్నర ఎత్తు ఉన్న జీఐ రేకు 26 అడుగులు తెచ్చుకుంటే, మొదటి వారం చివర్లు ఒకదాని మీద ఒకటి వేసి చిన్నగా చుట్టి, తర్వాత విప్పుకుంటూ పోవచ్చు. రేకు లేకపోతే వెదురు తడికకు లోపల గోనె పట్టా కట్టినా సరిపోతుంది. గుండ్రంగానే కట్టమనడానికి కారణం ఉంది. మూలలుంటే భయపడినప్పుడు, చలేసినప్పుడు అన్నీ ఆ మూలకు దూరి అడుగువి నలిగి చనిపోతాయి. మీరు ‘గోడ వారన’ అన్నది బహుశా ఇదే.

పరుపుకు వరి ఊక. తెనాలి చుట్టూ మిల్లులకు కొదవ లేదు, పొడి ఊక దొరుకుతుంది, బూడిద కలిసింది మాత్రం వద్దు. గదంతా 3 అంగుళాలు పరవడానికి సుమారు 70–80 కిలోలు పడుతుంది, తడిసింది తీసి కొత్తది వేయడానికి ఇంకో అంత దగ్గర పెట్టుకోండి. మొదటి మూడు రోజులు ఊక మీద గోనె పట్టా పరవాలి. అప్పుడే పుట్టిన పిల్లకు దాణా ఏదో ఊక ఏదో తెలియదు, ఊక మింగితే కడుపు బిగుసుకుంటుంది. పట్టాలు రెండు జతలు ఉంచుకుని రోజూ ఒకటి తీసి ఉతికి ఎండలో వేయండి. న్యూస్‌పేపరు పరిచే అలవాటు చాలామందికి ఉంది. తడిసిన కాగితం మీద బాతు పిల్ల కాళ్ళు చెరో పక్కకు జారిపోతాయి, రెండు రోజులు అలా జారితే తుంటి దగ్గర పట్టు తప్పి నిలబడలేదు. అలాంటి పిల్ల కనబడితే అర అంగుళం వెడల్పు మెత్తటి గుడ్డ పేలికతో రెండు కాళ్ళను, మామూలుగా నిలబడేటంత ఎడం ఉంచి, వదులుగా కట్టి మూడు నాలుగు రోజులు గరుకు నేల మీద ఉంచండి. మొదటి వారంలో పట్టుకుంటే చాలావరకు నిలబడతాయి.

గుంటూరు వాళ్ళకు ప్రత్యేకంగా ఒక మాట. మిర్చి యార్డు నుంచి వచ్చిన పాత టిక్కీలు (మిరపకాయల గోనె బస్తాలు) చవగ్గా దొరుకుతాయని వాటినే పరిచేవాళ్ళున్నారు. మిరప ఘాటు పక్షులకు తెలియదు, అందుకే చిలకలు పండు మిరపకాయలు హాయిగా తింటాయి. కానీ ఆ గోనెలో ఉండేది ఘాటొక్కటే కాదు. తాలు కాయల బూజు, పురుగుమందు అవశేషం, సన్నటి దుమ్ము, అన్నీ ఉంటాయి. బూజు బీజాలు ఊపిరితిత్తుల్లోకి వెళితే పిల్ల నోరు తెరిచి ఎగపోస్తుంది, దానికి మందు పని చేయదు. వేరుశనగ పొట్టు కూడా ఇదే కారణంగా వద్దు. ధాన్యం బస్తాల గోనె వాడుకోండి, అదీ ఒకసారి వేడినీళ్ళలో ఉతికి ఎండబెట్టాక.

ఇప్పుడు వేడి. 50 పిల్లలకు డిసెంబరు రాత్రుళ్ళు 150–180 వాట్లు చాలు. 60 వాట్ల ఫిలమెంట్ బల్బులు మూడు తీసుకోండి. ఎల్ఈడీ బల్బు వెలుగే గాని వేడి ఇవ్వదు. వెలుతురు బాగుంది కదా అని దాన్నే వేసి పిల్లల్ని పోగొట్టుకున్నవాళ్ళు ఈ మధ్య తరచుగా కనబడుతున్నారు. ఫిలమెంట్ బల్బులు దొరక్కపోతే వేడికి వాడే సెరామిక్ బల్బు తీసుకోవచ్చు. అయితే దానికి వెలుతురు ఉండదు, పక్కన ఒక జీరో బల్బు తప్పనిసరి. పూర్తి చీకట్లో చిన్న చప్పుడైనా బాతు పిల్లలు బెదిరి ఒకదాని మీద ఒకటి పడతాయి. పగిలినా ముక్కలు రాలకుండా టెఫ్లాన్ పూత పూసిన బల్బులు మాత్రం తేవద్దు, వేడెక్కితే ఆ పూత నుంచి వచ్చే పొగ పక్షుల్ని నిమిషాల్లో చంపుతుంది.

మూడు బల్బుల్నీ ఒకే వైరు మీద పెట్టకండి. రెండు ఒక స్విచ్చికి, ఒకటి ఇంకో స్విచ్చికి. తెల్లవారుజామున ఒకటి మాడిపోయినా మిగతావి కాపాడతాయి. పైన 3 అడుగుల అడ్డకొలత ఉన్న రేకు హోవర్ (బల్బుల వేడిని కిందే ఆపే గొడుగు లాంటిది), లేదా ఆ మాదిరి పాత అల్యూమినియం బేసిన్ బోర్లించి, పింగాణీ హోల్డర్లు బిగించండి. ప్లాస్టిక్ హోల్డరు వారం రోజుల వేడికి మెత్తబడి బల్బును ఊక మీదికి జారవిడుస్తుంది, షెడ్లు తగలబడే దారుల్లో ఇది మొదటిది. హోవర్‌ను దూలానికి గొలుసుతో వేలాడదీసి, ఆ గొలుసు తెగినా పడకుండా రెండో ఇనుప తీగ కూడా కట్టాలి. తాడు వద్దు. బల్బు కింది అంచు ఊకకు 18 అంగుళాల ఎత్తులో మొదలుపెట్టి, వేడిని బట్టి గొలుసు కొక్కెం పైకీ కిందకీ మార్చుకోవాలి. బల్బుల కింద వైరు మెష్ తొడుగు ఉండాలి. వేడెక్కిన ఫిలమెంట్ బల్బు మీద రెండు చుక్కల చల్లటి నీళ్ళు పడితే అద్దం పగులుతుంది, ఆ చుక్కలు విదిలించేది బాతు పిల్లే. తడి, కరెంటు ఒకే గదిలో ఉన్నాయి గనుక లైనుకు ఆర్‌సీసీబీ (కరెంటు లీకయితే వెంటనే లైను ఆపేసే స్విచ్చి) పెట్టించుకోండి, అది మీ ప్రాణం కోసం.

థర్మామీటరు గోడకు వేలాడదీస్తే ఉపయోగం లేదు. హోవర్ అంచు కింద, ఊకకు రెండంగుళాల ఎత్తులో, అంటే పిల్ల వీపు ఎత్తులో ఉండాలి. మొదటి మూడు రోజులు 32 డిగ్రీల సెంటీగ్రేడ్, నాలుగు నుంచి ఏడు దాకా 30, రెండో వారం 27–28, మూడో వారం 24. ఆ తర్వాత బల్బు అక్కర్లేదు. పిల్లలు వచ్చే ముందు రోజే బల్బులు వేసి ఊక అడుగు దాకా వెచ్చబడనివ్వండి, గాలి వేడెక్కినంత త్వరగా సిమెంటు నేల వేడెక్కదు.

అంకెల కంటే పిల్లలే బాగా చెబుతాయి. హోవర్ కింద సమంగా పరుచుకుని, కొన్ని మెడలు చాచి పడుకుని, కొన్ని తిరుగుతూ, చిన్న గొంతుతో మాట్లాడుకుంటున్నట్టు ఉంటే వేడి సరిపోయింది. బల్బు కిందే గుట్టలా చేరి గట్టిగా, ఆగకుండా అరుస్తుంటే చలి. గార్డు అంచుకు పారిపోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అన్నీ ఒకే పక్కన అర్ధచంద్రంలా చేరితే ఎదుటి పక్క నుంచి గాలి కొడుతోందని అర్థం, ఆ సందు వెతికి మూయండి.

మన దగ్గర డిసెంబరులో జరిగే పొరపాటు వేరే ఉంది. మధ్యాహ్నం బయట 29–30 డిగ్రీలు, రేకుల గది లోపల ఇంకా ఎక్కువ. అప్పుడు మూడు బల్బులూ వెలుగుతుంటే పిల్లలు ఉడికిపోతాయి, నీళ్ళ దగ్గరే గుమిగూడి తడుస్తాయి. సాయంత్రం ఆ తడితోనే చలిలోకి వెళతాయి. రాత్రి పదింటికి మీరు చూసినప్పుడు గది ఇంకా పగటి వేడితో బాగానే ఉంటుంది. అసలు చలి తెల్లవారుజామున నాలుగు నుంచి ఆరు వరకు. కాబట్టి పగలు పది నుంచి సాయంత్రం నాలుగింటి దాకా థర్మామీటరు చూసి బల్బులు తగ్గించండి లేదా ఆపేయండి, మొదటి వారం మాత్రం తెల్లవారుజామున నాలుగింటికి అలారం పెట్టుకుని ఒకసారి లేచి చూడండి. మే నెలలో పిల్లల్ని తెచ్చేవాళ్ళకు లెక్క తలకిందులు. మొదటి మూడు నాలుగు రాత్రులకే బల్బు, పగలంతా వడగాలి నుంచి కాపాడటమే పని. రేకుల మీద వరిగడ్డి పరిచి తడపాలి, గార్డు రేకుకు బదులు వల కట్టాలి, మధ్యాహ్నం నీళ్ళు రెండుసార్లు మార్చాలి. రోహిణి కార్తెలో రేకుల గదిలోకి ఒకరోజు పిల్లల్ని తేకపోవడమే మంచిది.

కరెంటు పోతే ఏం చేయాలో ముందే సిద్ధం చేసుకోండి. అయిదు లీటర్ల ప్లాస్టిక్ క్యాన్లు మూడు, వాటిలో చెయ్యి పెడితే కాలేంత వేడినీళ్ళు, చుట్టూ గోనె చుట్టి హోవర్ కింద పడుకోబెట్టండి. హోవర్‌ను కిందకు దించి, పైన దుప్పటి కప్పి, ఒక పక్క జానెడు తెరిచి ఉంచండి. మూడు నాలుగు గంటలు గడుస్తుంది. బొగ్గుల కుంపటి పాత అలవాటు, వేడి బాగానే వస్తుంది. కానీ తలుపులు మూసిన గదిలో దాని నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు. పిల్లలు నిద్రపోయినట్టే చనిపోతాయి, గదిలో పడుకున్న మనిషికీ అదే ప్రమాదం. కుంపటి తప్పదనుకుంటే పైన వెంటిలేటరు పూర్తిగా తెరిచి ఉండాలి, గదిలో ఎవరూ పడుకోకూడదు.

ఇక నీళ్ళు. ఇక్కడ మీరు ఎంత శ్రద్ధ పెడితే అన్ని పిల్లలు మిగులుతాయి. బాతు పిల్లకు ముక్కు రంధ్రాలు మునిగేంత లోతు కావాలి. లేకపోతే రంధ్రాల్లో దాణా గట్టిపడి ఊపిరి ఆడదు, కళ్ళు కడుక్కోలేక జిగురు కట్టి మూసుకుపోతాయి. కోడిపిల్లల డ్రింకరు గాడి మొదటి నాలుగైదు రోజులకే పనికొస్తుంది, అదీ గాడిలో గులకరాళ్ళు వేసి, ఒళ్ళు దూరకుండా చేస్తేనే. ఆ తర్వాత లోతు చాలదు. అలాగని బేసిన్ పెడితే అందులో దిగుతాయి. తల పట్టాలి, ఒళ్ళు పట్టకూడదు. దీనికి చవకైన పద్ధతి అయిదు లీటర్ల నూనె క్యాన్. శుభ్రంగా కడిగి, అడుగు నుంచి రెండంగుళాల ఎత్తులో నాలుగు పక్కలా గుండ్రటి కన్నాలు కోయండి. మొదటి వారం కన్నం అడ్డకొలత అంగుళంన్నర, రెండో వారం నుంచి రెండున్నర. కోసిన అంచు పదునుగా ఉంటుంది, కొవ్వొత్తి మంట మీద ఒక్క క్షణం చూపించి నున్న చేయండి. కన్నం అడుగు అంచు దాకానే నీళ్ళు నిలుస్తాయి కాబట్టి లోతు ఎప్పుడూ రెండంగుళాలు మించదు. 50 పిల్లలకు ఇలాంటివి మూడు.

ఈ క్యాన్లను ఊక మీద పెట్టారంటే పని చెడినట్టే. సాయంత్రానికి చుట్టూ రెండడుగులు బురద అవుతుంది. విడిగా నీళ్ళ గట్టు కట్టాలి. రెండడుగుల వెడల్పు, మూడడుగుల పొడవు చెక్క చట్రం, నాలుగు అంగుళాల ఎత్తు. పైన అర అంగుళం కన్ను మెష్, వీలైతే ప్లాస్టిక్ పూత ఉన్నది, పాదాల పొర కోసుకుపోకుండా. కన్ను ఇంకా పెద్దదైతే పిల్లల కాళ్ళు దిగబడి మడమ విరుగుతుంది. చట్రం కింద ప్లాస్టిక్ ట్రే, ఒక పక్కకు వాలుగా, ఆ మూల నుంచి ఒక పైపు గది బయటకు. పైపు పెట్టడం కుదరకపోతే ట్రేను రోజూ మూడుసార్లు తీసి పారబోయాలి. ఎక్కడానికి ముందు పక్క ఒక చెక్క వాలు, జారకుండా దాని మీద గోనె ముక్క. క్యాన్లు ఈ మెష్ నడుమ నిలబడితే పిల్లలు చిమ్మినదంతా ట్రేలోకి పోతుంది, గట్టు దిగే లోపల పాదాలు కాస్త ఆరతాయి కూడా. గట్టు హోవర్‌కు ఎదుటి చివర ఉండాలి, కాని 3 అడుగుల లోపే. దగ్గరైతే చుక్కలు బల్బు మీద పడతాయి, దూరమైతే చలికి భయపడి నీళ్ళకే రావు. 6 అడుగుల గుండ్రంలో హోవర్ ఒక అంచుకు, గట్టు ఇంకో అంచుకు జరిపితే లెక్క సరిపోతుంది.

ఊక పరీక్షకు పరికరాలేమీ అక్కర్లేదు. గట్టు దగ్గర ఒక పిడికెడు తీసి గట్టిగా పిసికి చెయ్యి తెరవండి. పొడిపొడిగా రాలిపోతే బాగుంది. ముద్దలా నిలబడితే ఆ చోటంతా తవ్వి తీసి కొత్తది వేయాలి. పొద్దున, సాయంత్రం రెండుసార్లు ఈ పని. అమ్మోనియా వాసన నిలబడి చూస్తే తెలియదు. మోకాళ్ళ మీద వంగి, పిల్లల ఎత్తులో ముఖం పెట్టి పీల్చండి. కళ్ళు మండాయంటే వాటి కళ్ళు రోజంతా మండుతున్నాయన్నమాట. అప్పుడు కిటికీ పై సగం తెరవాలి, చలని మూసి ఉంచితే ఇంకా చెడుతుంది.

పెట్టెలు రాగానే ముందు నీళ్ళు, తర్వాతే దాణా. గోరువెచ్చటి లీటరు నీళ్ళలో 50 గ్రాముల బెల్లం కలిపి, ఒక్కో పిల్ల ముక్కు ఒకసారి ముంచి వదలండి. గంటన్నర, రెండు గంటలు తాగాక దాణా పెట్టండి. ఆ మొదటి పూట తర్వాత మామూలు నీళ్ళే. పిల్లల్ని ఎప్పుడూ రెండు చేతులతో ఒంటి కింద పట్టి ఎత్తాలి. కోడిని పట్టినట్టు కాళ్ళు పట్టి ఎత్తితే బాతు కాలు తేలిగ్గా బెణుకుతుంది. మొదటి వారం నీళ్ళు, దాణా రాత్రీ పగలూ ఉండాలి. రెండో వారం నుంచి రాత్రి నీళ్ళు తీసేయాలనుకుంటే దాణా కూడా తీసేయండి. నీళ్ళు లేకుండా పొడి దాణా తింటే గొంతుకు అడ్డం పడుతుంది.

దాణాకు 20–22 శాతం ప్రొటీన్ ఉన్న స్టార్టర్ క్రంబుల్స్ (మొదటి వారాలకు సన్న పలుకులుగా చేసిన దాణా). బాతు దాణా అని విడిగా దొరకడం కష్టం కాబట్టి కోడిపిల్లల స్టార్టరే తెచ్చుకుంటారు, తప్పు లేదు. రెండు విషయాలు చూసుకోండి. బస్తా మీద రక్తపారుడు నివారణకు కలిపిన మందు పేరు ఉంటే అది వద్దు, మందు కలపనిది అడగండి. బాతు పిల్ల తన సైజు కోడిపిల్ల కంటే ఎక్కువ తింటుంది, అంత మందూ లోపలికి పోతుంది. రెండోది నియాసిన్ అనే బి విటమిన్. బాతు పిల్లకు కిలో దాణాలో 55 మిల్లీగ్రాములు కావాలి, కోడిపిల్లకు 27 నుంచి 35 చాలు. కోడిపిల్ల ప్రొటీన్లోని ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం నుంచి కొంత సొంతంగా తయారుచేసుకుంటుంది, బాతు పిల్లకు ఆ శక్తి తక్కువ. మొక్కజొన్నలో ఉన్నది చాలావరకు ఒంటికి పట్టని రూపంలో ఉంటుంది. తక్కువైతే రెండో వారం నుంచి మోకాలి కీలు ఉబ్బి, కాళ్ళు విల్లులా వంగి, పిల్ల పిరుదుల మీద కూర్చుని జరుగుతుంది. చాలామంది దీన్ని కాల్షియం లోపం అనుకుని కాల్షియం టానిక్ పోస్తారు, దానివల్ల మేలు లేదు, లేత మూత్రపిండాలకు చేటు. కిలో దాణాకు 50 గ్రాముల బ్రూయర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్) పొడి మొదటి రోజు నుంచి కలపండి. బ్రెడ్డుకు వాడే పొంగే ఈస్ట్ వేరు, అది వద్దు. కాళ్ళు తడబడటం మొదలైన రెండు మూడు రోజుల్లో ఇస్తే కోలుకుంటాయి, ఎముక వంగిపోయాక తిరిగి రాదు.

క్రంబుల్స్ దొరక్క పొడి దాణానే అయితే తడిపి పెట్టండి. పిండి ముక్కుకు అంటుకుని సగం నీళ్ళ పాలవుతుంది. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీరు కారకూడదు, అంత తడి చాలు. రోజుకు నాలుగైదు సార్లు, రెండు గంటల్లో తినేంతే. మిగిలింది తీసేయాలి, పులిసిన దాణా విరేచనాలు తెస్తుంది. ఉడికించిన నూకలు మొదటి రోజు కాస్త పెడితే ఇబ్బంది లేదు. కాని మన ఊళ్ళలో పది రోజులూ నూకలు, తవుడుతోనే లాగేస్తారు, వాటితో పొట్ట నిండుతుందే గాని ఒళ్ళు పెరగదు. ప్రొటీన్ కోసం ఎండు చేపల పొడి కలిపేవాళ్ళు ఉప్పు వేయని చేపే తీసుకోవాలి. ఉప్పు చేప పొడి నాలుగు పూటలు తింటే పిల్లలు నీళ్ళ కోసం తొక్కిసలాడి, విరేచనాలతో కూలబడతాయి. వారం దాటాక సన్నగా తరిగిన తోటకూర, అజొల్లా గుప్పెడు చొప్పున వేయొచ్చు. 50 పిల్లలకు మూడు వారాలకు సుమారు ఒక 50 కిలోల బస్తా సరిపోతుంది. చవగ్గా వస్తుందని అంతకు మించి కొని నిల్వ పెట్టకండి.

నిల్వ వద్దనడానికి పెద్ద కారణమే ఉంది. 1960లో ఇంగ్లండ్‌లో లక్షకు పైగా టర్కీ కోడిపిల్లలు, వాటితో పాటు బాతు పిల్లలు కూడా చనిపోయాయి. కారణం బ్రెజిల్ నుంచి వచ్చిన వేరుశనగ పిండి అని, అందులో పెరిగిన బూజు విషమని తేలింది. ఆ విషానికే తర్వాత ఆఫ్లాటాక్సిన్ అని పేరు పెట్టారు. దాన్ని పట్టుకునే పరీక్షకు శాస్త్రవేత్తలు ఎంచుకున్నది ఒక రోజు వయసు బాతు పిల్లనే, ఎందుకంటే ఆ విషానికి అంత త్వరగా లొంగే పక్షి మరొకటి లేదు. కోళ్ళు తిని బాగానే ఉన్న దాణా బాతు పిల్లల్ని చంపగలదు. మన కృష్ణా డెల్టాలో అక్టోబరు, నవంబరు తుపాను వానలకు తడిసిన మొక్కజొన్న డిసెంబరులో దాణాలోకి వస్తుంది. బస్తా మూతి విప్పగానే చెయ్యి మోచేతి దాకా లోపలికి పెట్టండి. లోపల వెచ్చగా తగిలినా, గడ్డలు కట్టినా, ముక్కిన వాసన వచ్చినా వెనక్కి పంపండి. వేరుశనగ చెక్క బాతు పిల్లలకు వేయకపోవడమే మేలు, ప్రొటీన్‌కు సోయా చెక్క చాలు. బస్తాను నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు అడుగు ఎడంగా పెట్టండి.

ఎంత చూసుకున్నా ఒకటో రెండో తడుస్తాయి. అలాంటిదాన్ని పాత టవలుతో అద్ది, అట్టపెట్టెలో పొడి గుడ్డ వేసి, 40 వాట్ల బల్బు కింద 33–34 డిగ్రీల్లో ఉంచండి, పెట్టెలో చల్లటి మూల కూడా ఒకటి ఉండాలి. నూగు విడివిడిగా పొంగేదాకా గుంపులో కలపకండి. తడి లేకుండా, చలి లేకుండా పిల్లలు ఒక్కసారిగా పోతుంటే, ముఖ్యంగా తల వెనక్కి విరుచుకుని కాళ్ళు తన్నుకుంటూ గంటల్లో చనిపోతుంటే, అది బ్రూడర్ తప్పు కాదు. బాతుల హెపటైటిస్ వైరస్ అలా చంపుతుంది. చనిపోయిన పిల్లను ప్లాస్టిక్ కవరులో పెట్టి, ఐసుతో ఆ రోజే పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్ళండి. గన్నవరంలో ఎన్టీఆర్ పశువైద్య కళాశాల ఉంది, మీకు మరీ దూరం కాదు. యాంటీబయాటిక్ పొడి నీళ్ళలో కలిపి ఎదురు చూస్తే రెండు రోజులు పోతాయి, వైరస్‌కు అది పనిచేయదు.

కోడిపిల్లల్ని కూడా అదే గదిలో పెట్టవచ్చా అని చివర్లో అడిగారు. వద్దండి. బాతు పిల్లల తడికి కోడిపిల్లలు నిలవవు, కోడిపిల్లలకు పెట్టే మందు దాణా బాతులకు సరిపడదు.

మూడు వారాలు దాటాక దాణాలో ప్రొటీన్ 16–18 శాతానికి దించండి. అదే 22 శాతంతో కొనసాగిస్తే రెక్క చివరి ఈకలు బరువెక్కి, రెక్క మణికట్టు దగ్గర బయటకు తిరిగిపోతుంది, అలాంటి రెక్క మళ్ళీ సరిగ్గా ముడుచుకోదు. నాలుగో వారం నుంచి పగలు బయట ఎండలోకి వదలండి, పైన కాకులు, గద్దల కోసం వల కట్టి. నాలుగు వారాల లోపు కాలవ, చెరువు వద్దు. అయిదో వారంలో పొట్ట కింద ఈకలు వచ్చాయో లేదో చేత్తో తడిమి చూసి, ఎండ బాగా ఉన్న రోజు పదకొండు గంటలకు జానెడు లోతు నీళ్ళలో పది నిమిషాలు వదిలి, గట్టెక్కాక పూర్తిగా ఆరేదాకా ఎండలోనే ఉంచండి. పక్క పొలంలో ఆ వారం మందు కొట్టి ఉంటే ఆ కాలవ నీళ్ళలోకి దించకండి. ప్లేగు, కలరా టీకాలు ఏ వారంలో వేయాలో మీ మండల పశువైద్యశాలలో ఇప్పుడే చెప్పి రాయించుకోండి. బాతుల టీకా అడిగిన రోజే దొరకదు, ముందు చెబితే తెప్పిస్తారు.